2/20 అంటే ఎంతో యంత్రానికి ఎవరు చెప్పాలి?

షోలాపూర్ తూర్పు పేటల్లో మరమగ్గాల కార్ఖానా నడిపేవారికి రోజూ పడే లెక్కలు ఐదారుకు మించవు. పడుగు చుట్టే బీముకు ఎన్ని కిలోల నూలు కావాలి, మగ్గం షిఫ్టుకు ఎన్ని మీటర్లు దింపుతుంది, డజను తువ్వాళ్లు ఎంత తూగుతాయి, ముక్కకు ఖర్చెంత పడింది, వారం చివర ఎవరికి ఎంత పగార్ లెక్కగట్టాలి. గుణకారం, భాగహారం వస్తే చాలు. నిజాం ఏలుబడిలోని తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చి, చేమగ్గం మీద చీరలు నేసి, ఆనక మరమగ్గం మీద దుప్పట్లకూ తువ్వాళ్లకూ మళ్లిన పద్మశాలి కుటుంబాలు ఈ లెక్కలను పుస్తకాల్లో చదువుకోలేదు. తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నాయి. ఇప్పుడు ఇలాంటి లెక్కలను ఏఐ ఏజెంట్లకు అప్పగించే సాఫ్ట్‌వేర్లు చిన్న వ్యాపారాల గుమ్మం దాకా వస్తున్నాయి. బేరగాడు వాట్సాప్‌లో ధర అడిగితే నూలు లెక్క వేసి, పన్ను కలిపి, జవాబు తయారుచేసి పెడతామంటున్నాయి. వద్దనాల్సిన పని లేదు. అయితే ఈ చిన్న లెక్కల సంగతిని ఎవరు, ఎలా యంత్రానికి రాసి ఇస్తారన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీల సొంత వ్యవహారంగా వదిలేయకూడదు. సూత్రం ఒక్క పంక్తిలో అయిపోతుంది. దానికి తోడుండాల్సిన వివరణకు ఒక పేజీ పడుతుంది. కూలీ, లాభం, నష్టం అన్నీ ఆ పేజీలోనే తేలిపోతాయి.

ఏజెంట్ ఎలా పనిచేస్తుందో కాస్త చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. భాషా నమూనాలు తర్వాత రావలసిన పదాన్ని ఊహించే పద్ధతిలో తయారైనవి. అంకెలు కూడా వాటికి ముక్కలుగా కోసిన అక్షరాల్లాగే కనిపిస్తాయి కాబట్టి పెద్ద గుణకారాల దగ్గర తడబడతాయి. అందుకే లెక్క వచ్చినప్పుడు దాన్ని విడిగా ఉన్న చిన్న ప్రోగ్రాముకు, అంటే టూల్‌కు అప్పగించడం నేర్పారు. 2023లో మెటా పరిశోధకులు ప్రకటించిన టూల్‌ఫార్మర్ వాడిన పనిముట్లలో మామూలు కాలిక్యులేటర్ ఒకటి. అదే ఏడాది జూన్‌లో ఓపెన్‌ఏఐ తన నమూనాలకు ఇలా బయటి ప్రోగ్రాములను పిలిచే సౌకర్యం ఇచ్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పేరుతో, ఏ టూల్‌నైనా ఏ ఏజెంటుకైనా తగిలించే ఉమ్మడి పద్ధతిని బయటపెట్టింది. పద్ధతి ఏదైనా నమూనాకు మామూలుగా కనిపించేవి మూడు: టూల్ పేరు, అదేం చేస్తుందో చెప్పే నాలుగైదు వాక్యాలు, ఏయే అంకెలు ఇవ్వాలో చెప్పే గళ్లు. లోపలి సూత్రం దాని కంట పడదు. ఎప్పుడు పిలవాలో, ఏ గడిలో ఏం నింపాలో, వచ్చిన జవాబును ఏమని చదవాలో ఆ నాలుగైదు వాక్యాలను బట్టే తేల్చుకుంటుంది.

ఇక లెక్కలోకి దిగుదాం. 2,000 పోగుల పడుగు, వెయ్యి మీటర్ల పొడవు, 2/20 నూలు. ఎన్ని కిలోలు కావాలి? పత్తి నూలు కౌంటు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. 2/20 అంటే ఇరవై కౌంటు పోగులు రెండు కలిపి పేనినది. కాబట్టి అది పది కౌంటు నూలుతో సమానం. వెయ్యి మీటర్లను గజాల్లోకి మారిస్తే దాదాపు 1,094. పోగులతో గుణించి, 840తో, మళ్లీ పదితో భాగిస్తే 260 పౌన్లు, అంటే సుమారు 118 కిలోలు. తరుగు, నేతలో పడుగు కుంచించుకుపోవడం ఇందులో చేర్చలేదు. ఇప్పుడు ‘కౌంటు’, ‘పొడవు’, ‘పోగులు’ అని మూడు మాటలు మాత్రమే రాసిన టూల్‌ను ఏజెంట్ చేతికి ఇచ్చారనుకోండి. 2/20ను భిన్నం అనుకుని 0.1 కౌంటుగా నింపితే దాదాపు పన్నెండు టన్నులని జవాబు వస్తుంది. ఇరవై కౌంటు అనుకుంటే 59 కిలోలు. పొడవు గజాల్లో కావాలని తెలియక మీటర్ల అంకెనే నింపితే 108 కిలోలు. పౌన్లలో వచ్చిన 260ని కిలోలుగా చదివితే రెండింతలు దాటిపోతుంది.

ఈ నాలుగు తప్పుల్లో పన్నెండు టన్నులు మనకు చేసే హాని ఏమీ లేదు. చూసిన మరుక్షణం నవ్వొస్తుంది. సగానికి సగం తగ్గినా, రెండింతలైనా అనుభవజ్ఞుడైన కార్ఖానాదారు పట్టేస్తాడు. భయపడాల్సింది 108 దగ్గర. పది కిలోల తేడాను కన్ను పట్టుకోదు. తరుగు కింద పోయిందనో, గోడౌన్‌లో ఎవరో చేయి పెట్టారనో అనుకుంటారు. ధర కోట్ చేసేటప్పుడు ఈ తేడా లోపలికి దూరితే, నూలు మీద తొమ్మిది శాతం దాకా ఖర్చు లెక్కకు రాకుండా పోతుంది. పానిపట్ పోటీని తట్టుకోవడానికి పైసల మీద బేరమాడే చోట లాభం మొత్తాన్ని మింగేయడానికి అది చాలు. పైగా కాలిక్యులేటర్ తప్పు చేయలేదు. ఇచ్చిన అంకెలకు సరైన జవాబే ఇచ్చింది. ఏఐ తప్పుల గురించి పత్రికల్లో వచ్చే చర్చంతా యంత్రం లేనిది కల్పించి చెప్పడం చుట్టూ తిరుగుతోంది. లెక్క సరిగ్గా చేసి కూడా తప్పు చెప్పే ఈ రకం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

చేనేత, మరమగ్గాల రంగంలో ఈ ప్రమాదం మిగతా చోట్ల కంటే ఎక్కువ. కొలతల మధ్య పొత్తు లేకపోవడమే అందుకు కారణం. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ దారి పట్టింది. నూలు కిలోల్లోనే అమ్ముతారు, కానీ దాని సన్నదనం పౌన్లూ గజాల కౌంటులోనే ఉంది. బట్ట పొడవు మీటర్లలో, పన్నా అంగుళాల్లో, పేక అంగుళానికి ఇన్ని పిక్కులు, అంటే ఇన్ని పేక పోగులు అని. పడుగు పోగులను విడదీసి నిలిపే రీడ్ సంగతి ఇంకా తమాషా. స్టాక్‌పోర్ట్ పద్ధతిలో 60 రీడ్ అంటే రెండు అంగుళాలకు 60 పళ్లు. పంటికి రెండు పోగులు తీస్తే అంగుళానికి 60 పోగులవుతాయి. ఆ ‘రెండు అంగుళాల’ ముక్క రాయకపోతే ఏజెంట్ అంగుళానికి 120 పోగులని తేలుస్తుంది. పాలిస్టర్ వచ్చాక చిక్కు ఇంకో మెట్టు ఎక్కింది. పత్తి కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, పాలిస్టర్ దారాన్ని కొలిచే డెనియర్ పెరిగేకొద్దీ లావెక్కుతుంది. 5,315ను డెనియర్‌తో భాగిస్తే పత్తి కౌంటు వస్తుంది. ఆ ప్రకారం 150 డెనియర్ దారం సుమారు 35 కౌంటుకు దీటు. దాన్ని 150 కౌంటుగా నింపేస్తే కావాల్సిన నూలులో పావు వంతు కూడా చూపించదు. పాతకాలం వాళ్లు ఈ విషయంలో మనకంటే స్పష్టంగా ఉన్నారనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలో బట్ట కొన్నప్పుడు పుంజాల లెక్కన కొనేది. పుంజానికి 120 పోగులు. 36 పుంజాల బట్ట అంటే పడుగులో 4,320 పోగులు ఉండాల్సిందే. అంకె పక్కనే దాని కొలమానం కూడా నడిచేది.

కొలమానం రాయని అంకె ఎంత పని చేస్తుందో 1983 జులై 23న ఎయిర్ కెనడా విమానం ప్రపంచానికి చూపించింది. కెనడా అప్పుడు మెట్రిక్‌కు మారుతోంది, బోయింగ్ 767 కొత్తగా వచ్చింది. ఇంధనం లెక్క కిలోల్లో తేల్చాలి. లీటర్లను బరువులోకి మార్చడానికి సిబ్బంది వాడిన గుణకం 1.77. అది లీటరుకు పౌన్లలో ఎంతో చెప్పే అంకె, కిలోలకైతే సుమారు 0.8 వాడాలి. కాగితం మీద 1.77 అని ఉందే కానీ, అది వేటిలో అన్నది వాళ్లకు తట్టలేదు. ఒకరికి మించి మనుషులు ఆ లెక్కను సరిచూశారు, గుణకారంలో తప్పేమీ లేదు. కావలసిన ఇంధనంలో సగం కూడా లేకుండా ఎగిరిన విమానం దారిలో ఇంజన్లు ఆగిపోయి, గిమ్లీ అనే చోట వాడకంలో లేని వైమానిక స్థావరంలో జారుతూ దిగింది. పైలట్ల నేర్పు వల్ల ప్రాణాలు దక్కాయి. చదువుకున్న, శిక్షణ పొందిన మనుషులే కొలమానం రాయని గుణకం ముందు బోల్తాపడితే, ఆ గుణకాన్ని రోజుకు వందసార్లు అడగా పెట్టకుండా వాడుకునే ఏజెంట్ సంగతి వేరే చెప్పాలా?

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. నేటి నమూనాలు జౌళి పాఠ్యపుస్తకాలన్నీ చదివేశాయి కదా, 2/20 అంటే పది కౌంటని వాటికి ముందే తెలుసు, అంత వివరణ రాయడం చాదస్తం అంటారు. చాలాసార్లు నమూనా సరిగ్గానే పోల్చుకుంటుంది, కాదనను. అయితే దానికి తెలియంది జౌళి శాస్త్రం కాదు, ఈ టూల్ సంగతి. ఈ టూల్ రాసినవాడు పొడవును గజాల్లో అడిగాడా, మీటర్లలోనా? జంటపోగును లోపలే సగం చేస్తున్నాడా, బయట చేసి ఇవ్వాలా? బయట ఒకసారి, లోపల ఇంకోసారి సగం చేస్తే మళ్లీ తప్పే. తరుగు కలిపి చెబుతోందా, విడిగా కలుపుకోవాలా? వీటికి జవాబులు ప్రపంచంలోని ఏ పుస్తకంలోనూ ఉండవు, ఆ ఒక్క ప్రోగ్రాములోనే ఉంటాయి. ఎక్కువ తెలిసిన నమూనాతో ఇంకో ఇబ్బంది, అది అడగకుండానే ఊహించుకుని ముందుకు పోతుంది. కొత్తగా చేరిన కుర్రాడు తెలియకపోతే మగ్గాలు సరిచేసే జాబర్‌ను అడుగుతాడు. తొమ్మిదో శతాబ్దంలో గణితసార సంగ్రహం రాసిన మహావీరాచార్యుడు గొప్ప గణితవేత్త, ఆ పుస్తకం చదివేవాళ్లకూ లోకజ్ఞానం ఉండే ఉంటుంది. అయినా ఆయన గుణకార భాగహారాల జోలికి పోకముందే మొదటి అధ్యాయాన్ని ప్రధానంగా సంజ్ఞలకూ పొడవు, కాలం, ధాన్యం, బంగారం కొలతలకూ కేటాయించాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకొనే పావులూరి మల్లన పుస్తకానికి మూలం అదే. ఎవరికీ చాదస్తం అనిపించలేదు.

నూలు తప్పు కార్ఖానాదారు జేబుకు చిల్లు పెడుతుంది. పగార్ లెక్కలో తప్పయితే కార్మికుడి ఇంటి మీద పడుతుంది, అది పట్టుకోవడం ఇంకా కష్టం. నిమిషానికి 120 పిక్కులు వేసే మగ్గం, అంగుళానికి 40 పిక్కుల బట్ట, 80 శాతం సామర్థ్యం అనుకుందాం. గంటకు 144 అంగుళాలు, పన్నెండు గంటల షిఫ్టుకు దాదాపు 43.9 మీటర్లు దిగాలి. ఈ టూల్‌లో ‘గంటలు’ అని ఒక గడి ఉంటుంది. షిఫ్టు గంటలా, మగ్గం నడిచిన గంటలా? కరెంటు రెండు గంటలు పోయిన రోజు పది గంటలకు రావాల్సింది 36.6 మీటర్లే. గడిలో పన్నెండు నింపితే అదే కార్మికుడు లక్ష్యంలో 83 శాతమే అందుకున్నట్టు తేలుతుంది. అంతకు ముందే 80 శాతం సామర్థ్యం అన్నప్పుడు అందులో కరెంటు కోత కలిసి ఉందా, పోగు తెగి ఆగిన సమయం మాత్రమేనా అన్న ప్రశ్న ఉంది. కరెంటు పోయినందుకు నష్టం ఎవరు భరించాలి అన్నది పెద్ద తగాదా. యూనియన్లూ యజమానులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాల్సినది. ఎక్కడో నగరంలో కూర్చున్న ప్రోగ్రామర్ ఒక గడికి పెట్టిన పొట్టి పేరు ఆ తగాదాను చడీచప్పుడు లేకుండా తీర్చేస్తుంది. తీర్పు వచ్చిందని కూడా ఎవరికీ తెలియదు.

చిల్లర మీటర్ల సంగతీ ఇంతే. రోజుకు 43.9 మీటర్లు దించే మనిషికి రోజువారీ దశాంశాన్ని కొట్టేసి 43 రాస్తే ఆరు రోజులకు 258 అవుతుంది. వారం మొత్తం కూడి చివర్లో కొట్టేస్తే 263. ఐదు మీటర్ల కూలీ ఎక్కడికి పోయిందో చీటీలో కనబడదు. దశాంశాన్ని ఎప్పుడు తీసేయాలన్నది గణితం చెప్పదు. అది మనుషులు చేసుకోవాల్సిన ఒప్పందం. ఇదే వాడల్లో ఆడవాళ్లు చేసే బీడీల పనిలో వెయ్యికి ఇంత అని కూలీ ఇస్తారు. నాసి పేరుతో తీసేసిన బీడీలను వెయ్యిలోంచి ఎప్పుడు తీస్తారన్నదాని మీద వారం కూలీ మారుతుంది. ఇలాంటి లెక్కను రేపు ఏజెంట్ చేస్తుందనుకుంటే, టూల్ వివరణలో ఆ ఒప్పందం అక్షరాల్లో ఉండాలి. మీటరు లెక్కన కూలీ కట్టే సిరిసిల్లకూ భివండీకీ ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ ఎదురు వాదన ఒకటి కార్మికుల వైపు నుంచే రావచ్చు. ఇలా ప్రతిదీ రాసి పెడితే యజమాని చేతికి ఇంకో కొరడా ఇచ్చినట్టవుతుంది, రాతలో లేని వెసులుబాటే మమ్మల్ని బతికిస్తోంది, పని చూసే ముకాదం కళ్లు మూసుకుంటే నాలుగు మీటర్లు కలుస్తాయి అని. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. నోటి లెక్కలో దయకు చోటుంటుంది, నిజమే. దగాకూ అంతే చోటుంటుంది. అయినా నోటి లెక్కా రాతలెక్కా అని ఎంచుకునే అవకాశం ఇప్పుడు మన ముందు లేదు. యంత్రం దగ్గర లెక్క ఎలాగూ రాతలోనే ఉంటుంది. ఆ రాత కోడ్‌లో దాగి ఉండాలా, కార్మికుడు చదివి నిలదీయగలిగిన వాక్యాల్లో ఉండాలా అన్నదే తేల్చుకోవాలి. లాల్ బావుటా కింద దశాబ్దాలుగా పోరాడిన కార్మిక ఉద్యమం ఉన్న ఊరు షోలాపూర్. పగార్ టూల్ వివరణను బోనస్ ఒప్పందంతో సమానంగా చర్చకు పెట్టమని అడగడం ఆ ఊరికి కొత్త కాదు.

యజమానుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం, వ్యాపార రహస్యాలు బయటపడతాయన్నది. అందులో పస తక్కువ. నూలు లెక్క సూత్రం ప్రతి జౌళి డిప్లొమా పుస్తకంలో ఉంది. రహస్యం ఉండేది డిజైన్‌లో, నూలు కొన్న ధరలో, బేరగాడి పేరులో. అవి టూల్‌కు ఇచ్చే అంకెలు, టూల్ వివరణలో వాటికి చోటే లేదు.

భాష సంగతి కొంచెం వేరు. నమూనాలకు ఇంగ్లిషు బాగా వచ్చు, వివరణ ఇంగ్లిషులో రాస్తే సరిపోతుంది కదా అనొచ్చు. యంత్రం మటుకు చదివేదైతే అలాగే కానివ్వొచ్చు. కానీ షోలాపూర్ కార్ఖానాలో మాట తెలుగు, చీటీ మరాఠీ, యంత్రం మీద అచ్చు ఇంగ్లిషు. కార్మికుడు ‘ఇవాళ రెండు బీములు దింపిన, పేక పది నంబరు’ అని ఫోన్లో చెబితే, ఏజెంట్ ఆ మాటలను టూల్ గళ్లలోకి మార్చాలి. ‘నంబరు’ అన్నా కౌంటే, పేక అంటే ఏ గడిలోకి వెళ్లాలి అన్నది వివరణలోనే ఉంటే ఆ మార్పిడిలో తప్పు రాదు. లేకుంటే ఊహకు వదిలినట్టే. అందుకని ఒకే టూల్‌కు తెలుగు, మరాఠీ, ఇంగ్లిషు మూడింటిలోనూ వివరణ ఉండాలి. మూడూ ఒకే మాట చెబుతున్నాయో లేదో మగ్గం తెలిసినవాళ్లు చూడాలి.

ఆ పేజీలో ఏముండాలి అంటే, ముందుగా ప్రతి అంకెకూ కొలమానం. జంటపోగు రాసే తీరు, శాతాన్ని 80 అని ఇవ్వాలా 0.8 అనా, తరుగు కలిసిందా లేదా. చేత్తో చేసి చూపిన ఒక లెక్క, దాని జవాబుతో సహా. పైన చెప్పిన 118 కిలోల లెక్కనే తీసుకోవచ్చు. తర్వాత ఈ టూల్ ఎక్కడ వాడకూడదో చెప్పాలి. పడుగంతా ఒకే నూలు ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది, కుచ్చు పోగుకు వేరే బీము ఉండే టర్కీ తువ్వాలుకు రెండు బీములనూ విడివిడిగా లెక్కించాలి అన్నట్టు. ఈ ‘వాడకూడదు’ భాగాన్నే అందరూ ఎగ్గొడతారు. తేదీ కూడా ఉండాలి. 2025 సెప్టెంబరు 22కు ముందు ముక్క ధర వెయ్యి రూపాయలు దాటని తువ్వాలుకు 5 శాతం జీఎస్టీ, దాటితే 12 శాతం. ఆ రోజు నుంచి ఆ గీత 2,500కు జరిగింది, దాటినదానికి 18 శాతం. పాత రేటు మీద ఆగిపోయిన టూల్ కూడా అడిగినప్పుడల్లా ఠక్కున జవాబిస్తూనే ఉంటుంది, తాను పాతబడ్డానని దానంతటదే చెప్పదు.

ఇంత పని ఎవరు చేస్తారన్నది చివరి అభ్యంతరం. ఆర్డర్లు తగ్గి, పిల్లలు మగ్గం వదిలి పుణే, హైదరాబాద్ దారి పడుతున్న చోట వివరణలు రాస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది? లెక్కలు ఐదారుకు మించవని మొదట్లోనే అనుకున్నాం. ఐదారు పేజీలు. ఊళ్లో పవర్‌లూమ్ సర్వీస్ సెంటర్ ఉంది, అహల్యాదేవి హోల్కర్ పేరుతో విశ్వవిద్యాలయం ఉంది, వాల్‌చంద్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది, పద్మశాలి విద్యాసంస్థలున్నాయి. కంప్యూటర్ చదివే పిల్లల్లో చాలామంది ఇళ్లలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్లే. ఒక సెమిస్టరు ప్రాజెక్టుకు సరిపడే పని ఇది. రాసిన పేజీని పరీక్షించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ప్రతిని ఏజెంటుకూ, ఇంకో ప్రతిని ఏ కంప్యూటరూ వాడని జాబర్‌కూ ఇచ్చి, అవే పది బీముల లెక్క ఇద్దరితోనూ వేయించాలి. జవాబులు కలవని చోట ముందు ఆ పేజీలోని వాక్యాన్ని దిద్దాలి, జాబర్‌ను గానీ నమూనాను గానీ తప్పుపట్టడం ఆ తర్వాతి పని. కొనే సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఈ పేజీలను అది వాడుకుంటుందా, తన సొంత వివరణను చూపించడానికి ఒప్పుకుంటుందా అని కార్ఖానాదారుల సంఘం అమ్మకందారును ముందే అడగాలి. చూపించనంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను పగార్ లెక్కకు దూరంగా ఉంచాలి.